పైకప్పు మీద మంచు

ఆ ఆదివారం పొద్దున అరీనాలో స్కేట్లు అద్దెకిచ్చే గది తలుపు మూసుకోలేదు. వసుమతి భుజం ఆనించి నెట్టింది. తలుపు పైఅంచు చట్రానికి పట్టేసింది. నిన్న సాయంత్రం ఇదే తలుపును ఒంటి చేత్తో లాగి తాళం వేసుకుని ఇంటికి వెళ్ళింది. రెండడుగులు వెనక్కి వేసి చట్రం వంక చూసింది. పైకమ్మీ మధ్యలో కాస్త కిందికి దిగింది.

అది 1982 జనవరి నెలాఖరు. డెట్రాయిట్‌కి పడమటగా, ఫార్మింగ్టన్ హిల్స్ దాటి ఇంకో పాతిక మైళ్ళు వెళితే వచ్చే చిన్న ఊరు మిల్‌బ్రూక్. ఆ ఊరి ఐస్ రింక్‌నే అందరూ అరీనా అంటారు. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు అరీనా పాతికేళ్ళ పండగ. ఏడెనిమిది వందలమంది వస్తారు. ఐస్ మీద డెబ్భై మంది పిల్లలు ప్రదర్శన ఇస్తారు. వాళ్ళలో వసుమతి కూతురు, పదేళ్ళ రేణు కూడా ఉంది.

వసుమతి కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు హైదరాబాదులో పి.డబ్ల్యు.డి. వారి డిజైన్స్ ఆఫీసులో పని చేసింది. భర్త భీమశంకర్ కార్ల కంపెనీ ఉద్యోగం వల్ల ఈ దేశం వచ్చాక, ఎక్కడికి వెళ్ళినా ఇక్కడి ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు. మూడేళ్ళ క్రితం రేణును స్కేటింగ్‌లో చేర్పించడానికి వచ్చినప్పుడు అరీనా మేనేజర్ హాంక్ డెబోయర్‌తో మాటల్లో ఆ సంగతి చెప్పింది. "బూట్లు సర్దే పని ఉంది. నీ చదువుకి తగింది కాదు. ఊరికే కూర్చోవడం కంటే నయమనుకుంటే రా" అన్నాడాయన. ఆమె చేరింది.

హాంక్‌కి నలభై ఏడేళ్ళు. అరీనా చరిత్రంతా ఆయనకి కంఠోపాఠం. 1955 చలికాలంలో ఇద్దరు ఆడపిల్లలు నది మీద ఆడుకుంటుంటే పలచటి ఐస్ పగిలి మునిగిపోయారు. ఊళ్ళో తల్లులు ఇల్లిల్లూ తిరిగి, పిల్లలకి నది అక్కర్లేని చోటు కావాలని పట్టుబట్టారు. రెండేళ్ళకి అరీనా లేచింది. ఆ రోజుల్లో హాంక్ పాల వ్యాను నడిపేవాడు. మొదటి ఐస్ గడ్డకట్టడానికి ఐదు రోజులపాటు గొట్టం పట్టుకుని పొరమీద పొరగా నీళ్ళు చల్లినవాళ్ళలో ఆయనొకడు. ఆ తర్వాత వ్యాను నడపనేలేదు, అరీనాలోనే ఉండిపోయాడు. 1979లో కరెంటు ధరలు పెరిగి, నగరపాలక సంఘం దాన్ని మూసేద్దామంటే, కప్పు దూలాల కింద వెండిరంగు రేకు అతికించిన గాజుదూది పరుపులు వేయించి లోపలి వేడి బయటికి పోకుండా ఆపాడు. కరెంటు వాడకం తగ్గింది. అరీనా నిలిచింది. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది.

పండగకి గోడ మీద పాత ఫొటోలు పెట్టే పని హాంక్ వసుమతికి అప్పగించాడు. గురువారం ఆమె ఆఫీసులో అట్టపెట్టెలు ముందేసుకుని కూర్చుంది. రోడ్డవతలి చర్చి గోపురం మీంచి ఎవరో ఏటా చలికాలంలో ఊరి ఫొటో తీశారు. 1961, 1967, 1974. మూడింట్లోనూ ఊరంతా తెల్లగా ఉంది, అరీనా కప్పు ఒక్కటే నల్లగా ఉంది. కిందటేడాది తీసిన ఫొటో అందుకుంది. అందులో కప్పు మీద మంచు పరుపులా పేరుకుని ఉంది.

ఆమె చేయి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళపాటు లోపలి వేడి కప్పులోంచి పైకి పోయి, పడ్డ మంచును పడ్డట్టే కరిగించింది. పరుపులు వేశాక వేడి పైకి పోవడం లేదు. మంచు కరగడం లేదు. అదే పెట్టెలో చుట్ట చుట్టి ఉన్న పాత డ్రాయింగులు విప్పింది. కప్పును మోసేవి విల్లు ఆకారంలో ఉన్న తొమ్మిది చెక్క దూలాలు. చదరపు అడుగుకి పాతిక పౌన్ల మంచుకి లెక్క కట్టి వేసినవి. ఆ పాతిక పౌన్లు ఎన్నడూ వాటి మీద పడలేదు. పరుపులు వేశాక వచ్చిన రెండు చలికాలాల్లోనూ మంచు తక్కువ పడింది. ఈ ఏడు క్రిస్మస్ నుంచి విడవకుండా పడుతోంది.

శుక్రవారం భోజనాల దగ్గర భర్తతో చెప్పింది. భీమశంకర్ చెయ్యి కంచంలో ఆపి విన్నాడు.

"నువ్వు డిజైన్ చేసి పదేళ్ళయింది వసూ. లెక్క తప్పయితే?"

"తప్పయితే బాగుండుననే ఉందండీ."

"ఆయన మనకి ఎంత సాయం చేశాడు. పండగ ముందు వెళ్ళి, నువ్వు చేసిన పనివల్లే కప్పు కూలుతుందని చెబుతావా? పైగా వచ్చే నెల మన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. ఇప్పుడు సిటీ వాళ్ళతో గొడవ దేనికి? సోమవారం చూద్దాం."

ఆమె సరేనంది. సరేనన్నందుకు కాస్త తేలికపడింది కూడా. శనివారం మధ్యాహ్నం మంచు మీద వాన పడింది. వాననీరంతా దూదిలా ఉన్న మంచులోకి ఇంకిపోయింది. అద్దెగది కిటికీలోంచి అది చూస్తూనే ఆమె వచ్చినవాళ్ళకి స్కేట్లు అందించింది.

ఇప్పుడీ తలుపు.

చిరుతిళ్ళ కౌంటరు నుంచి ఖాళీ కాఫీ డబ్బా ఒకటి తీసుకుని, వెనకవైపు ఇనప నిచ్చెన ఎక్కి, బూట్లు మార్చుకునే గదుల మీది పల్లపు కప్పు పైకి చేరింది. మోకాళ్ళు దాటి మంచులోకి దిగబడింది. పెద్ద కప్పు అంచు దగ్గర డబ్బాను మంచులోకి గుచ్చి తీసి, మళ్ళీ అదే చోట గుచ్చి తీసి, కప్పు రేకు తగిలేదాకా తోడింది. లోతు రెండున్నర అడుగులు. పైన మెత్తగా, కింద రాయిలా ఉంది. తోడిందంతా ప్లాస్టిక్ సంచీలో కిందికి తెచ్చి, చిరుతిళ్ళ కౌంటర్లో మాంసం తూచే త్రాసు మీద పెట్టింది. ఓ కాగితం వెనక లెక్క వేసింది. వేళ్ళు చలికి కొంకర్లు పోయి అంకెలు వంకరగా వచ్చాయి. చదరపు అడుగుకి నలభై ఒక్క పౌన్లు. మళ్ళీ వేసింది. నలభై ఒకటే.

పన్నెండున్నరకి ఆఫీసులో హాంక్ మెడకి బో టై కట్టుకుంటున్నాడు. వసుమతి ఫొటోలూ, డ్రాయింగూ, కాగితమూ ఆయన బల్ల మీద పరిచింది.

"హాంక్, షో ఆపాలి. కప్పు మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువుంది."

ఆయన నవ్వాడు. "పాతికేళ్ళుగా ఈ కప్పు మీద స్నో పడుతోంది వాసు." ఆమె పేరు అక్కడ అందరి నోటా వాసు అయిపోయింది.

"పడుతోంది. నిలవలేదు. ఈ మూడూ చూడండి. ఇప్పుడిది చూడండి."

హాంక్ ఒక్కో ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. నాలుగోది దించలేదు. ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. ఆ ఫొటో ఆయనకి ఏం చెప్పిందో వసుమతికి తెలుస్తూనే ఉంది.

"అంటే నేను వేయించిన పరుపులు" అని ఆగాడు. తర్వాత గొంతు మారింది. "సిటీ ఇంజనీర్ సంతకం పెట్టాడు వాటికి. నువ్వు కాఫీ డబ్బాతో కొలిచి వచ్చి చెబుతున్నావు. బయట కార్లు వచ్చేస్తున్నాయి. రేపు పొద్దున మనుషుల్ని పెట్టి మంచు తోయిస్తాను. వెళ్ళు, స్కేట్లు ఇవ్వడానికి నువ్వొక్కదానివే ఉన్నావు."

"ఒక్క చోట పరుపుల వెండిరేకు కోసి దూలం చూద్దాం. బాగుంటే నేనే క్షమాపణ చెబుతాను. ఉద్యోగం మానేసి పోతాను."

"వెళ్ళు వాసు."

ఆమె వెళ్ళి కౌంటరు వెనక నిలబడింది. జనం వస్తున్నారు. ఐస్ చుట్టూ ఉన్న బెంచీల మీద భీమశంకర్ కెమెరా మెళ్ళో వేసుకుని మూడో వరసలో చోటు పట్టుకున్నాడు. దూరం నుంచి చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు. గోడ మీద ఎర్రటి ఫైర్ అలారం పెట్టె పదడుగుల దూరంలో ఉంది. దాన్ని లాగితే ఏమవుతుందో ఆలోచించింది. లాగకపోతే ఏమవుతుందో కూడా.

ఒంటిగంటా పదిహేను నిమిషాలకి ఫట్‌మని ఒక చప్పుడయింది. ఎవరో హాకీ బిళ్ళను అడ్డగోడకి బలంగా కొట్టినట్టుంది. ఐస్ మీద ఎవ్వరూ లేరు. జనంలో ఎవరూ పట్టించుకోలేదు. వసుమతి ఐదో దూలం వైపు తలెత్తింది. కిందికి దించేసరికి ఎదురుగా, ఆఫీసు గుమ్మంలో హాంక్ నిలబడి అటే చూస్తున్నాడు. ఆయన కప్పు కింద ఎత్తులో ఉన్న దీపాల వేదికకి వెళ్ళే మెట్లవైపు నడిచాడు. ఆమె వెనకే పరిగెత్తింది.

వేదిక మీంచి ఐదో దూలం చివర చేతికందుతుంది. హాంక్ జేబులోంచి చాకు తీసి వెండిరేకును నిలువునా కోశాడు. చీకిన చెక్క వాసన గుప్పుమంది. రెండేళ్ళుగా ఐస్ మీంచి లేచిన తేమంతా పరుపు పైన, చెక్కలో చేరింది. వసుమతి టార్చి వేసింది. దూలం కిందిపట్టె చీలి ఉంది. హాంక్ చీలికలో నాలుగు వేళ్ళు పెట్టాడు. పట్టాయి. వేళ్ళు బయటికి తీస్తే చెక్క నానిన అటుకుల్లా అంటుకుని వచ్చింది.

ఆయన దాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. కింద ఐదొందలమంది ఉన్నారు.

"అలారం లాగుతాను" అంది వసుమతి.

"వద్దు. గంట మోగితే అందరూ ముందు గుమ్మానికే పరిగెడతారు. ముసలాళ్ళు నలిగిపోతారు. పిల్లలు కాళ్ళకి కత్తులు కట్టుకుని ఉన్నారు." ఆయన కణతలు నొక్కుకున్నాడు. "నువ్వు పిల్లల గదులకి వెళ్ళు. కోట్లు వేయించి వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళు. స్కేట్లు విప్పించకు, రబ్బరు చాపలు వెనకున్న కారు రిపేరు షెడ్డు దాకా పరిచే ఉన్నాయి. అక్కణ్ణించి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చెయ్యి. మిగతావాళ్ళ సంగతి నేను చూస్తాను."

ఆమె మెట్లు దిగుతుండగా మైకులో ఆయన గొంతు వినిపించింది. ప్రతి శనివారం పిల్లల పుట్టినరోజులు చదివే గొంతే. తొందర లేదు.

"మిత్రులారా, షో మొదలుపెట్టేముందు ఒక చిన్న పని. పాతికేళ్ళకొకసారి వచ్చే రోజిది. ఊరంతా కలిసి ఒక ఫొటో దిగాలి. లోపల అందరూ పట్టరు. అందుకని కోట్లు వేసుకుని, రోడ్డవతల చర్చి పార్కింగ్ లాట్‌లోకి నడవండి. పేపరు ఫొటోగ్రాఫర్ చర్చి మెట్ల మీంచి తీస్తాడు. వెనక వరసల వాళ్ళు ముందు. ఎవరూ మిగలకూడదు, మిగిలితే ఫొటోలో ఉండరు."

నవ్వులు వినిపించాయి. బెంచీల మీంచి జనం లేస్తున్న చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకి కప్పు ఏమవుతుందోనని పైకి చూస్తూనే వసుమతి పిల్లల గదివైపు పరిగెత్తింది.

పిల్లల గదిలో గోలగోలగా ఉంది. స్నోఫ్లేక్ వేషాలు వేసిన చిన్నపిల్లలు అద్దం ముందు తోసుకుంటున్నారు. కోచ్ చెవిలో రెండు ముక్కలు చెప్పింది. కోచ్ వెంటనే గట్టిగా చప్పట్లు కొట్టి పిల్లల్ని జంటలుగా నిలబెట్టింది. రేణు పరుగున వచ్చింది.

"అమ్మా, నా జిప్ స్టక్ అయింది. ఫొటోలో బ్యాడ్‌గా కనిపిస్తది."

"కోటు వేసుకో, కనపడదు. ఇదిగో, ఈ ఇద్దరు చిన్నపిల్లల చేతులు పట్టుకుని నడువు. వదలకు."

"నువ్వు రావా?"

"వెనకే వస్తాను. ఇంకా పిల్లలున్నారుగా."

రేణు తల్లి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, ఇంకేం అడగకుండా ఆ పిల్లల చేతులు పట్టుకుంది. వసుమతి గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టింది. అరవై తొమ్మిది. వెనక్కి వెళ్ళి బాత్‌రూముల తలుపులన్నీ తట్టింది. చివరిదాంట్లో ఒక పిల్ల స్టేజి భయంతో వాంతి చేసుకుంటోంది. ఆ పిల్లను ఎత్తుకుని, తన కోటు కప్పి, బయటికి పరిగెత్తింది. తల మీద ఎక్కడో చెక్క సాగుతున్న మూలుగు వినిపించింది. అది ఆగలేదు. షెడ్డు చేరగానే ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసింది.

ఒంటిగంటా నలభై ఎనిమిదికి ఊరంతా రోడ్డవతల నిలబడి ఫొటో దిగింది. తర్వాత జనం మళ్ళీ ఇటు కదలబోయారు. హాంక్ రోడ్డు మధ్యలో నిలబడి షో లేదన్నాడు. కప్పు బాగాలేదు, ఎవరూ లోపలికి వెళ్ళకూడదన్నాడు. మొదట నమ్మలేదు. తర్వాత కోపాలొచ్చాయి. నగరపాలక సభ్యుడొకాయన ముందుకొచ్చి, ఎవరు చెప్పారు నీకు అని నిలదీశాడు.

"మా ఇంజనీర్" అని హాంక్ వసుమతిని చూపించాడు.

కోటు లేకుండా వణుకుతున్న ఆమెను ఆ సభ్యుడు పైనుంచి కిందికి చూశాడు. "స్కేట్లు ఇచ్చే ఆవిడా?"

భీమశంకర్ జనంలోంచి దారి చేసుకుని వచ్చి తన కోటు విప్పి ఆమె భుజాల మీద వేశాడు. "సారీ వసూ" అన్నాడు నెమ్మదిగా. ఆమెకి వినిపించిందో లేదో. ఆమె హాంక్‌నే చూస్తోంది. ఆయన అరీనా వైపు నడుస్తున్నాడు.

"ఎక్కడికి?" ఆమె అడ్డం వెళ్ళింది.

"మెషీన్ రూమ్‌కి. ఐస్ కింద గొట్టాల్ని చల్లబరిచేది అమ్మోనియా. కప్పు పడి గొట్టాలు తెగితే గ్యాస్ ఈ జనం మీదికే వస్తుంది. ట్యాంకు వాల్వ్ కట్టేయాలి."

"ఫైర్ వాళ్ళు వస్తున్నారు కదా."

"వాల్వ్‌లు పద్నాలుగున్నాయి. ఏది ఏదో నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు."

ఆమె చేయి ఆయన మోచేతి మీదే ఉంది. ఆయన దాన్ని మెల్లగా తీసి, భవనం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాడు. వసుమతి గడియారం చూసుకుంది. రెండు గంటలకి నాలుగు నిమిషాలుంది. ఫైర్ ఇంజన్ సైరన్ దూరంగా మొదలైంది.

రెండు దాటి రెండు నిమిషాలకి కప్పు కూలింది. పేలినట్టు కూలలేదు. మధ్యభాగం నెమ్మదిగా వంగినట్టయింది. తర్వాత ఒకదాని వెంట ఒకటి దూలాలు విరిగిన చప్పుడు. ముందు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. లోపలి గాలంతా మంచుపొడితో కలిసి రోడ్డు మీదికి తన్నుకొచ్చింది. జనం ముఖాలు తిప్పుకుని పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. గాలి తగ్గాక చూస్తే గోడల మధ్య ఆకాశం కనిపిస్తోంది.

వసుమతి అప్పటికే వెనకవైపు పరిగెడుతోంది. మెషీన్ రూమ్ ఇటికగోడలతో విడిగా కట్టింది, నిలిచే ఉంది. కానీ ఇనప తలుపు చట్రం వంకరపోయి బిగుసుకుపోయింది. తలుపు సందుల్లోంచి అమ్మోనియా ఘాటు కళ్ళకి కొడుతోంది. లోపల్నించి ఎవరో తలుపు బాదుతున్నారు. మూడుసార్లు బాది ఆగారు.

"ఏమండీ!" అని అరిచింది.

భీమశంకర్ ఆ కేక కంటే ముందే కారు డిక్కీ తెరిచి టైర్లు మార్చే ఇనప కడ్డీ తెచ్చాడు. గడియ దగ్గర దూర్చి ఒరిగాడు. ఇద్దరూ కలిసి ఒరిగారు. బాదడం మళ్ళీ వినిపించలేదు. కడ్డీ జారి అతని మోచెయ్యి గీరుకుపోయింది. మళ్ళీ దూర్చాడు. మూడోసారికి తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి హాంక్ చెయ్యి బయటికొచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని, బో టైతో సహా, ఆయన్ని మంచులోకి లాగారు.

ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తెరవలేకపోతున్నాడు. ఫైర్ వాళ్ళు ఆయన ముఖం మీద నీళ్ళు పోస్తుంటే, "కట్టేశాను" అని ఒక్క మాట అన్నాడు.

మార్చిలో సిటీ హాల్లో విచారణ జరిగింది. తలుపుల్లోంచి తన్నుకొచ్చిన గాలికి పడి పదహారుమందికి తగిలిన చిన్న దెబ్బలు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అందరూ మర్యాదగానే అడిగారు. వసుమతి ఆదివారం పొద్దున తలుపు దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పింది. చాలు, కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.

"నాకు గురువారమే తెలిసింది" అంది. "మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నా లెక్క మీద నాకే నమ్మకం లేక కొంత, భయపడి కొంత. శనివారం పబ్లిక్ స్కేటింగ్‌కి రెండొందలమంది వచ్చారు. వాళ్ళు ఆ కప్పు కిందే ఉన్నారు, నేను స్కేట్లు ఇస్తూ నిలబడ్డాను. ఇదీ రాసుకోండి."

భీమశంకర్ తల వంచుకున్నాడు. తర్వాత హాంక్ లేచాడు. గ్యాస్‌వల్ల ఆయన గొంతు బొంగురుపోయింది, మరి బాగుపడలేదు. "పరుపులు వేయించింది నేను. పైన ఏమవుతోందో రెండేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఆవిడ చెప్పినప్పుడు బయటికి పొమ్మన్నాను. ఆవిడవి మూడు రోజులైతే నావి రెండేళ్ళు" అన్నాడు.

ఊళ్ళో కొందరు వసుమతి చేతులు పట్టుకున్నారు. కొందరు కిరాణా షాపులో ఎదురైతే పక్క వరసలోకి తప్పుకున్నారు, అరీనా పోవడానికి ఆమే కారణమైనట్టు. సిటిజన్‌షిప్ మేలో వచ్చింది. విచారణకి నివేదిక రాసిన కన్సల్టింగ్ ఇంజనీరు ఆమెకు తన ఆఫీసులో డిజైన్ పని ఇచ్చాడు.

1984లో కొత్త అరీనా కట్టాలని ఊరు ఓటు వేసింది. హాంక్ డ్రాయింగుల చుట్ట చంకలో పెట్టుకుని వాళ్ళింటికొచ్చాడు. కట్టే కంపెనీ ఇంజనీర్లు చూశారు, అయినా నువ్వు చూడు అన్నాడు. వసుమతి నాలుగు సాయంత్రాలు వాటితో కూర్చుంది. ఐదో రోజు తెల్లవారి, కాఫీ కలుపుతుండగా, పల్లపు కప్పు పెద్ద కప్పును కలిసే మూల దగ్గర గాలికి కొట్టుకొచ్చి పోగయ్యే మంచును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని స్ఫురించింది. డ్రాయింగు మళ్ళీ తెరిచింది. నిజమే, తీసుకోలేదు.

గడియారం ఆరున్నర చూపిస్తోంది. ఫోన్ చేసింది. హాంక్ భార్య ఎత్తి, ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడంది.

"లేపండి" అంది వసుమతి.